హోరు పోతుంది, గోల పోదు: నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లు ఎవరికి, ఎక్కడ పనికొస్తాయి

ఒకే మోడల్, ఒకే ధర. హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రి బస్సులో తరచూ తిరిగేవాళ్లు ఆ హెడ్‌ఫోన్లను ప్రాణంగా చూసుకుంటారు. అమీర్‌పేట హాస్టల్లో పక్క మంచం మీది ఫోను కబుర్లు వినబడకూడదని కొన్నవాళ్లు మాత్రం వారం తిరక్కుండానే తిప్పి పంపేస్తారు. ఇద్దరి మాటా నిజమే. తేడా పరికరంలో లేదు, చుట్టూ ఉన్న చప్పుడులో ఉంది.

ఈ తేడాకు తెలుగులో ఎప్పటి నుంచో మాటలున్నాయి. సముద్రానిది హోరు, సంతది గోల. హోరు అడుగు స్వరంలో, ఒకే తీరున సాగుతుంది. గోలలో మాటలు, కేకలు, గిన్నెల చప్పుళ్లు, పై స్వరంలో ఎగిసిపడేవన్నీ కలిసి ఉంటాయి. యాక్టివ్ నాయిస్ క్యాన్సలేషన్, వాడుకలో ఏఎన్‌సీ, పుట్టిందే హోరును తీసేయడానికి. ఇప్పటికీ అది నిజంగా బాగా చేసే పని అదే. కొనేవాళ్లకు ఈ సంగతి ముందుగా తెలియకపోవడం వల్లే చాలా అసంతృప్తి పుడుతోంది. మిగతాది చాలావరకు చెవికీ ఇయర్ టిప్‌కీ (ఇయర్‌బడ్ కొసన ఉండే మెత్తటి తొడుగు) మధ్య మిగిలిపోయే సందు వల్ల వస్తోంది.

మిల్లీసెకనులో పదో వంతు

హెడ్‌ఫోన్ బయటి వైపున్న చిన్న మైకు చుట్టూ ఉన్న శబ్దాన్ని పట్టుకుంటుంది. చిప్ దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారు చేసి స్పీకర్‌కు పంపుతుంది. ఒక తరంగం గాలిని నొక్కే క్షణంలోనే రెండోది గాలిని వెనక్కి లాగుతుంది. రెండూ చెవిలో కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. చెవి వైపు తిరిగి ఉన్న మరో మైకు ఇంకా ఎంత మిగిలిందో విని, దిద్దుబాటు చేయిస్తుంది. బయటి మైకు ఒక్కటే ఉంటే ఫీడ్‌ఫార్వర్డ్, లోపలిది ఒక్కటే ఉంటే ఫీడ్‌బ్యాక్, రెండూ ఉంటే హైబ్రిడ్ అంటారు. కొనేటప్పుడు హైబ్రిడ్ రకమే చూసుకోవడం మేలు. లోపలి మైకు లేకపోతే ఇయర్‌బడ్ కాస్త జారినా ఆ సంగతి చిప్‌కు తెలియదు, పాత లెక్క ప్రకారమే పని చేసుకుంటూ పోతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీకి చెందిన పాల్ లూగ్‌కు దీని మీద 1936లోనే అమెరికా పేటెంటు వచ్చింది. సూత్రం తేలికే, సమయానికి అందించడమే కష్టం. ఉదాహరణకు తలకిందులైన తరంగం 0.1 మిల్లీసెకను ఆలస్యంగా వచ్చిందనుకుందాం. ఆ వ్యవధిలో ధ్వని గాలిలో దాదాపు మూడున్నర సెంటీమీటర్లు వెళ్తుంది, అంతే. 100 హెర్ట్జ్ (సెకనుకు నూరు తరంగాలు) హోరులో ఒక్కో తరంగానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఈ ఆలస్యం అందులో నూరో వంతు. శబ్దం సుమారు 24 డెసిబెల్స్ (శబ్దతీవ్రతకు కొలత) తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగమైనట్టు తోస్తుంది కాబట్టి ఇది చాలా పెద్ద మార్పు. 1,000 హెర్ట్జ్ దగ్గర అదే ఆలస్యం పదో వంతు అవుతుంది, తగ్గేది 4 డెసిబెల్సే. 1,667 హెర్ట్జ్ దగ్గర ఆరో వంతుకు చేరేసరికి ఏమీ తగ్గదు. 2,000 హెర్ట్జ్ దగ్గరైతే శబ్దం తగ్గకపోగా ఒక డెసిబెల్ పైచిలుకు పెరుగుతుంది. అందుకే తయారీదారులు సుమారు 1,000 హెర్ట్జ్ దాటాక చిప్ జోక్యాన్ని తగ్గించేసి, ఆపై శబ్దాలను అడ్డుకునే పని ఇయర్ ప్యాడ్‌కో సిలికాన్ టిప్‌కో వదిలేస్తారు.

ఈ పరికరం ఎక్కడ పుట్టిందో గుర్తుంచుకుంటే దీని బలం అర్థమవుతుంది. బెంగాల్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన స్వాతంత్ర్యోద్యమకారుడి కుమారుడు అమర్ బోస్. 1978లో యూరప్ నుంచి అమెరికాకు తిరిగి వస్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజన్ హోరు తప్ప పాట వినిపించకపోవడంతో ఆయన దారిలోనే లెక్కలు మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన బోస్ కంపెనీ 1989లో పైలట్ల కోసం హెడ్‌సెట్‌ను, 2000లో ప్రయాణికుల కోసం క్వైట్‌కంఫర్ట్ హెడ్‌ఫోన్లను మార్కెట్లోకి తెచ్చింది. గంటల తరబడి ఆగకుండా సాగే ఇంజన్ హోరు మధ్య కూర్చునేవాళ్ల కోసం చేసిన పరికరం ఇది. తర్వాత బస్సుల్లోకీ, ఆఫీసుల్లోకీ, ఇళ్లలోకీ వచ్చింది.

ఏ చప్పుడు ఎంత తగ్గుతుంది

అపార్ట్‌మెంట్ డీజిల్ జనరేటర్ ఏఎన్‌సీకి బాగా అనువైన శబ్దం. 50 హెర్ట్జ్ కరెంటు ఇచ్చే మామూలు జనరేటర్ నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే సెకనుకు 50 సార్లు మండుతుంది, అంటే 50 హెర్ట్జ్ హోరు. ఆరు సిలిండర్ల బస్సు ఇంజన్ 1,800 తిరుగుళ్ల మీద నడుస్తుంటే సెకనుకు 90. ఏసీ బయటి యూనిట్ గుయ్‌మనే శబ్దం, విమానం లోపలి హోరులో కింది భాగం కూడా ఈ కోవలోవే. ఇవి దాదాపు మాయమవుతాయి. మెట్రో రైల్లో చక్రాల దడదడ తగ్గుతుంది గానీ మలుపు తిరిగేటప్పుడు పట్టాలు చేసే కీచు మాత్రం అలాగే ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ గాలిలోని బరువు పోయి సన్నటి ‘స్స్’ మిగులుతుంది.

వంటింట్లోకి వస్తే కథ మారుతుంది. మిక్సీ మోటారు నిమిషానికి 18,000 సార్లు తిరుగుతుందనుకుంటే దాని మూల స్వరం 300 హెర్ట్జ్. అది కాస్త తగ్గుతుంది. జార్‌లో పప్పు గింజలు బ్లేడుకు తగిలే గరగర మాత్రం వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది, తగ్గదు. కుక్కర్ విజిల్, స్టీలు గిన్నె కిందపడ్డ చప్పుడు, కుక్క అరుపు కూడా అంతే. చంటిపిల్ల ఏడుపులో మూల స్వరం కొంత తగ్గినా, గుచ్చుకునే పై భాగం మిగిలిపోతుంది. పెళ్లి ఊరేగింపు డీజే వేరే సమస్య. ఆ బేస్ కింది స్వరమే, లెక్క ప్రకారం పోవాలి. కానీ శబ్దం మరీ ఎక్కువైతే హెడ్‌ఫోన్‌లోని చిన్న స్పీకర్ దానికి సమానమైన ఎదురు తరంగాన్ని పుట్టించలేదు. పైగా ఆ అదురు ఛాతీ, పుర్రె ఎముకల ద్వారా లోపలి చెవికి చేరుతుంది. చెవిని ఎంత మూసినా ఆ దారి మూయలేం.

అన్నిటికంటే ఎక్కువగా నిరాశపరిచేది మనుషుల మాట. ‘ఏఎన్‌సీ వేశాక పక్కవాళ్ల మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తున్నాయి’ అనే ఫిర్యాదు చాలామంది చేస్తారు. అది భ్రమ కాదు. గొంతు మూల స్వరం మగవాళ్లలో సుమారు 100, ఆడవాళ్లలో 200 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. కానీ మాట అర్థం కావడానికి కావలసిన హల్లులు, అంటే చ, స, ట, త లాంటివి, ఎక్కువగా 1,000 హెర్ట్జ్ మొదలు 4,000 హెర్ట్జ్ పైదాకా పలుకుతాయి. ఏఎన్‌సీ గొంతులోని బరువును తీసేస్తుంది, హల్లులను వదిలేస్తుంది. అంతవరకూ ఆ హల్లులను కప్పి ఉంచిన ఏసీ, ఫ్యాన్ హోరు కూడా పోతుంది. ముసుగు తీసినట్టే. కాబట్టి గదిలో మాటలే ఇబ్బందైతే ఏఎన్‌సీతో పాటు, వాన చప్పుడు లాంటి ఒకే తీరు శబ్దాన్ని చిన్న వాల్యూమ్‌లో పెట్టుకోవడం సరైన మార్గం. హల్లులకు మళ్లీ ముసుగు పడుతుంది. చదువుకోవడానికో నిద్రకో పూర్తి నిశ్శబ్దం కావాలంటే, మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ పై స్వరాలను చాలా ఇయర్‌బడ్ల కంటే బాగా ఆపుతాయి. వేల రూపాయలు పెట్టే ముందు వాటిని ఒక వారం వాడి చూడటం మంచిది.

సందు ఉంటే అంతా వృథా

ఇయర్‌బడ్ పక్కన సన్నటి సందు ఉన్నా కింది స్వరాలు రెండు రకాలుగా నష్టపోతాయి. బయటి హోరు అందులోంచి లోపలికి వస్తుంది. స్పీకర్ పుట్టించే ఎదురు తరంగం అదే సందులోంచి బయటికి పోతుంది. పాటలో బేస్ పలచగా వినిపించడం, ఏఎన్‌సీ అంతంతమాత్రంగా ఉండటం, ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే చిప్‌ను అనుమానించే ముందు టిప్ సైజు మార్చి చూడాలి.

డబ్బాలో సాధారణంగా మూడు సైజుల సిలికాన్ టిప్స్ వస్తాయి. అప్పటికే తొడిగి ఉన్న మధ్య సైజునే చాలామంది అలాగే ఉంచేస్తారు. పెట్టుకునే పద్ధతి ఇది: రెండో వైపు చేత్తో చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగి పట్టుకుంటే చెవి రంధ్రం తిన్నగా అవుతుంది. అప్పుడు బడ్‌ను లోపలికి పెట్టి కొద్దిగా వెనక్కి తిప్పి, చెవి వదిలేయాలి. గట్టిగా నాలుగు మాటలు మాట్లాడితే సొంత గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు మోగాలి. అలా మోగితే సందు మూసుకున్నట్టే. తర్వాత దవడ ఆడిస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ ఆ మోత పోతుందేమో చూడాలి. పోతే ఒక సైజు పెంచాలి. పావుగంటలో నొప్పి మొదలైతే ఒక సైజు తగ్గించాలి. రెండు చెవుల రంధ్రాలూ ఒకే కొలతలో ఉండాలని లేదు, కుడికి మధ్య సైజు, ఎడమకు చిన్నది పెట్టుకోవడం తప్పు కాదు. కొన్ని కంపెనీల యాప్‌లలో టిప్ సరిపోయిందో లేదో చెప్పే పరీక్ష ఉంటుంది, అది చేయడానికి నిమిషం కూడా పట్టదు. ఏ సిలికాన్ టిప్పూ నిలవకపోతే మెమరీ ఫోమ్ టిప్స్ పనికొస్తాయి. అవి చెవి ఆకారానికి తగ్గట్టు ఉబ్బుతాయి. అయితే చెమట పీల్చుకుని కొన్ని నెలల్లోనే గట్టిపడతాయి కాబట్టి మారుస్తూ ఉండాలి.

చెవి మొత్తాన్ని కప్పే హెడ్‌ఫోన్లలో సందు చేసేవి వేరు. కళ్లజోడు కాడ ప్యాడ్‌ను పైకి లేపుతుంది. కాడ ఎంత లావుగా ఉంటే సందు అంత పెద్దది, కాబట్టి దుకాణంలో పరీక్షించేటప్పుడు రోజూ వాడే కళ్లజోడుతోనే పెట్టుకోవాలి. జూకాలు, పెద్ద కమ్మలు ప్యాడ్ కింద నలిగి తమ్మెను నొక్కుతాయి, సందు కూడా చేస్తాయి. జుట్టు పాయలు ప్యాడ్ కిందికి వచ్చినా, ముఖానికి చుట్టుకున్న స్కార్ఫ్ మడత మధ్యలో పడినా హోరు లోపలికి వస్తుంది. ఇవన్నీ ఉండేవాళ్లకు ఇయర్‌బడ్లే మంచి ఎంపిక.

చెవి బిగిసినట్టు, గుయ్‌మన్నట్టు

కొంతమందికి ఏఎన్‌సీ వేయగానే ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. లోపల గాలి ఒత్తిడి నిజంగా మారదు. కింది స్వరాలు ఒక్కసారిగా మాయమై పై స్వరాలు మిగలడం మామూలుగా జరగని విషయం, మెదడు దాన్ని ఒత్తిడి తేడాగా చదువుతుంది. గుటక వేసినా, ఆవులించినా అది పోదు, ఎందుకంటే వదలాల్సిన ఒత్తిడేదీ అక్కడ లేదు. ఏఎన్‌సీ బలాన్ని యాప్‌లో తగ్గించడం, నిశ్శబ్దమైన గదిలో ఆపేయడం, మొదట్లో పది పదిహేను నిమిషాలకు మించి వాడకపోవడం ఉపశమనం ఇస్తాయి. రెండు మూడు వారాలకూ తల తిరగడం, తలనొప్పి తగ్గకపోతే ఆ వ్యక్తికి ఏఎన్‌సీ సరిపడదని ఒప్పుకుని, మామూలు ఇయర్‌ఫోన్‌కు మారడమే మంచిది. అలవాటు పడాలని బలవంతం చేసుకోనక్కర్లేదు.

నిశ్శబ్దంలో సన్నగా వినిపించే ‘స్స్’ మైకుల సొంత శబ్దం. చవక రకాల్లో అది ఎక్కువగా ఉంటుంది, పాట మొదలవగానే కప్పుకుపోతుంది. కానీ ఏఎన్‌సీ ఆపి, హెడ్‌ఫోన్ తీసేసి, రాత్రి నిశ్శబ్దపు గదిలో కూర్చున్నా గుయ్‌మని వినిపిస్తూనే ఉంటే అది పరికరానిది కాదు, చెవిదే. ఇంతకాలం చుట్టుపక్కల హోరు దాన్ని కప్పి ఉంచింది. అలాంటప్పుడు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.

గాలి ఏఎన్‌సీకి పెద్ద శత్రువు. బైకు వెనక కూర్చున్నప్పుడో సముద్రపు ఒడ్డునో గాలి మైకు రంధ్రం మీద సుడి తిరుగుతుంది. అది చెవికి చేరే శబ్దం కాకపోయినా మైకు దాన్ని శబ్దంగానే లెక్కేసి, దానికి ఎదురు తరంగం పంపుతుంది. ఫలితంగా చెవిలో బుడబుడ, దడదడ మొదలవుతుంది. గాలి శబ్దం తగ్గించే సెట్టింగు ఉంటే అది బయటి మైకు పనిని తగ్గిస్తుంది. లేకపోతే ఏఎన్‌సీ ఆపేయడమే మేలు. నడుస్తుంటే ప్రతి అడుగుకీ ‘ధబ్’మనడం, కారు తలుపు వేసినప్పుడు చెవిలో ‘టప్’మనడం చాలావరకు సందు మూసుకుపోవడం వల్ల, చిప్ ఒక్కసారిగా పెద్ద దిద్దుబాటు చేయడం వల్ల జరిగేవి. అవి చెడిపోయిన గుర్తులు కావు. అరచేత్తో మూసినప్పుడు కీచుమంటే అది స్పీకర్ శబ్దం బయటి మైకులోకి తిరిగి వెళ్లడం, చెయ్యి తీస్తే ఆగిపోతుంది.

డబ్బా మీద రాసేవి

మన మార్కెట్లో ఎక్కువమందిని దారి తప్పించే అక్షరాలు ఈఎన్‌సీ. ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సలేషన్ అనే ఈ పేరు వినడానికి ఏఎన్‌సీ లాగే ఉంటుంది. అది చేసే పని వేరు. ఫోన్లో మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకు ఇటువైపు ట్రాఫిక్ వినబడకుండా మైకు శబ్దాన్ని వడకడుతుంది, అంతే. పెట్టుకున్నవాళ్ల చెవికి దాని వల్ల ఒక్క డెసిబెల్ కూడా తగ్గదు. డబ్బా మీద ఈఎన్‌సీ మాత్రమే ఉండి ఏఎన్‌సీ లేకపోతే బస్సు హోరు అలాగే వినిపిస్తుంది.

‘50 డీబీ (డెసిబెల్స్) వరకు’ లాంటి అంకెల్లో బరువంతా ‘వరకు’ మీదే ఉంది. ఏదో ఒక స్వరం దగ్గర, ప్రయోగశాలలో, బొమ్మ చెవిలో సరిగ్గా అమరినప్పుడు దొరికిన అత్యధిక తగ్గింపు అది. ఏయే స్వరాల దగ్గర ఎంత తగ్గిందో చూపే గ్రాఫ్ లేకుండా ఈ అంకె ఆధారంగా రెండు మోడళ్లను పోల్చలేం. దుకాణంలో పాట పెట్టకుండా, ఏసీ కింద నిలబడి, ఏఎన్‌సీ వేసి ఆపి చూస్తే అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఆన్‌లైన్ మీటింగ్‌లలో మరో ఫిర్యాదు ఉంది: పాటకు అద్భుతంగా ఉన్న హెడ్‌ఫోన్, మీటింగ్ మొదలవగానే పాత రేడియోలా మారుతుంది. మామూలు బ్లూటూత్‌లో మైకు వాడకం మొదలైతే పరికరం హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారుతుంది. స్టీరియో పోయి మోనో అవుతుంది, శాంపిలింగ్ (శబ్దాన్ని కొలిచే వేగం) సెకనుకు 16,000కు, పాత పరికరాల్లో 8,000కు పడిపోతుంది. లాప్‌టాప్ సౌండ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్‌గా లాప్‌టాప్ సొంత మైకును, అవుట్‌పుట్‌గా హెడ్‌ఫోన్ స్టీరియోను ఎంచుకుంటే స్పష్టత తిరిగి వస్తుంది.

వాల్యూమ్, రోడ్డు

ఏఎన్‌సీ వల్ల నిజమైన మేలు చెవి ఆరోగ్యానికి. బస్సు హోరు మీద పాట వినబడాలంటే వాల్యూమ్ దానికంటే పైకి పెంచక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు సూచించే హద్దు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి: 83 దగ్గర 20, 86 దగ్గర 10, 89 దగ్గర 5. హోరు తగ్గితే వాల్యూమ్ తగ్గించగలం. అయితే ఏఎన్‌సీ వేశాక కూడా పాత వాల్యూమ్‌లోనే వినేవాళ్లు ఆ మేలంతా వదులుకుంటున్నట్టే. వేసిన వెంటనే వాల్యూమ్‌ను రెండు మూడు మెట్లు తగ్గించడం అలవాటు చేసుకోవాలి.

వెనక నుంచి వచ్చే లారీ మొదట వినిపించేది ఇంజన్, టైర్ల కింది స్వరంతోనే. ఏఎన్‌సీ తీసేసేది కూడా సరిగ్గా దాన్నే. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర, బండి నడిపేటప్పుడు హెడ్‌ఫోన్ తీసి జేబులో పెట్టాలి. బయటి శబ్దాన్ని మైకు ద్వారా చెవికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ప్లాట్‌ఫాం మీద అనౌన్స్‌మెంట్ వినడానికి చాలు, ట్రాఫిక్‌లో దాన్ని నమ్ముకోకూడదు.

పాతబడ్డాక

వేసవిలో, ముఖ్యంగా కోస్తా ఉక్కలో, చెవి కప్పే హెడ్‌ఫోన్ అరగంటకే చెమట పట్టిస్తుంది. ప్యాడ్ల మీది పీయూ లెదర్ (కృత్రిమ తోలు) తేమకు పెళుసెక్కి నల్లటి పొరలుగా రాలుతుంది. వాడాక పొడిగుడ్డతో తుడిచి, గాలి తగిలేచోట పెడితే ఎక్కువకాలం ఉంటుంది. ప్యాడ్లు మార్చాల్సి వస్తే కంపెనీవే తీసుకోవడం మంచిది. ఫోమ్ మందం, లోతు మారితే లోపలి మైకు లెక్క తప్పి ఏఎన్‌సీ బలహీనపడుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే లిథియం బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. ఏఎన్‌సీకి అయ్యే బ్యాటరీ ఖర్చు మోడల్‌ను బట్టి ఉంటుంది. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం4 విషయంలో కంపెనీ లెక్క ఏఎన్‌సీతో 30 గంటలు, లేకుండా 38 గంటలు.

‘ఒకప్పుడు బాగా పనిచేసేది, ఇప్పుడు లేదు’ అన్నప్పుడు ముందుగా చూడాల్సింది జాలీలు. లోపలి జాలీకి గులిమి, బయటి జాలీకి దుమ్ము పట్టి మైకుకు శబ్దం సరిగా అందదు. టిప్ తీసి, బడ్‌ను కిందికి వంచి పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో తుడవాలి. పిన్నుతో పొడిస్తే జాలీ చిరుగుతుంది, తడి గుడ్డ పెడితే గులిమి కరిగి ఇంకా లోపలికి పోతుంది. చుట్టూ శబ్దం ఎక్కువైనప్పుడు చెవిలో చిటపట పెరిగితే మాత్రం లోపలి భాగాల లోపాన్ని అనుమానించాలి. మొదటి తరం ఎయిర్‌పాడ్స్ ప్రోలో కొన్నింటికి ఇదే లక్షణం కనిపిస్తే ఆపిల్ 2020లో ఉచితంగా మార్చి ఇచ్చే కార్యక్రమం ప్రకటించింది.

ఒక వైపే ఏఎన్‌సీ తగ్గినట్టుంటే సర్వీస్ సెంటర్‌కు వెళ్లే ముందు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు టిప్స్‌నూ ఇటుది అటు మార్చి, ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి వినాలి. లోపం టిప్‌తో పాటు రెండో వైపుకు మారితే టిప్ చిరిగినట్టు. అదే బడ్‌లో ఉండిపోయి, శుభ్రం చేసినా పోకపోతే మైకు చెడిందని అనుమానించాలి. అప్పుడు వారంటీ తేదీ చూసుకుని తీసుకెళ్లాలి.